అటక మీద హాజరు

"పదిహేను రోజులు. పదిహేనంటే పదిహేను రోజుల్లో మీ లంకలో సెల్ టవర్ నిలబడుతుంది. ఇక్కడి ఏ బిడ్డకీ ఒక్క పాఠం కూడా పోదు. ఇది నా మాట."

రెండు వేల ఇరవై జులై ఆరో తారీఖున జిల్లా నుంచి వచ్చిన పెద్దాఫీసరొకడు కామరాజు పెరట్లో నిలబడి మైకులో అన్న మాట ఇది. అనేసి, మాస్కు గడ్డం కిందికి లాగి, కామరాజు అప్పటికప్పుడు దింపిచ్చిన బొండాలు రెండు తాగి, పడవెక్కి వెళ్ళిపోయాడు.

కామరాజు నమ్మాడు. "పదిహేను రోజులే కదే దుర్గా! ఈ పదిహేను రోజులూ నేనెక్కుతాను," అన్నాడు పెళ్ళాంతో.

అలా మొదలైంది. కరోనాకి బళ్ళు మూసేశాక చదువంతా ఫోన్లోకి వెళ్ళిపోయింది. అమలాపురంలో ప్రైవేటు బడిలో పదో తరగతి చదివే వాళ్ళ కూతురు రమ్యశ్రీకి రోజూ ఎనిమిదిన్నరకి క్లాసు. ఇంట్లో సిగ్నలు లేదు. ఏటిగట్టు మీదా లేదు. ఉన్నదల్లా వాళ్ళ పెరట్లో అన్నిటికంటే పొడుగు కొబ్బరిచెట్టు చిటారు మొవ్వులో. ప్రపంచం మీ గుప్పిట్లో అని రేవులో సోడాబండి గొడుగు మీద రాసి ఉంటుంది. ఆ ప్రపంచం లంకవాళ్ళ గుప్పిట్లోకి రావాలంటే మాత్రం అరవై అడుగులు పాకాలి.

పాకడం కామరాజుకి కొత్త కాదు. దింపు కార్మికుడు. పదహారో ఏట నుంచీ కోనసీమ కాయలు దింపుతున్నవాడు. పొద్దున్నే వీరదుర్గ పెట్టిన చద్దన్నం తిని, ఫోను గుడ్డసంచిలో వేసి మెడకి తగిలించుకుని, కాళ్ళకి తాడు బంధం వేసుకుని ఎక్కేవాడు. పైన మట్టకి ఫోను వేలాడగట్టి, కింది గెల మీద కాలాన్చి కూర్చునేవాడు. టీచరు చెప్పిన పాఠం ఫోనుకి దగ్గరగా ఉన్న లేతబొండాల్లోకి దిగేది. క్లాసు అయ్యాక ఆ బొండాలు దింపేవాడు. అరుగు మీద రమ్యశ్రీ, పక్కింటి కృపమ్మ మనవలు చెవి ఆనించుకుని వినేవాళ్ళు. లెక్కలు వినడానికి కాస్త ముదురు బొండాం మంచిది. తెలుగుకి ఏదైనా పరవాలేదు. వినడం అయ్యాక కొట్టుకుని తాగేసేవాళ్ళు.

"ఒరే కామరాజూ! నిన్న పిల్లలు వినకుండానే బొండాం నాకిచ్చేసేవురా. రాత్రంతా కడుపులో ఇంగ్లీషే!" అని కృపమ్మ కంచె అవతలి నుంచి అరిచేది.

"పోనీలే అత్తా, నువ్వూ పాసైపోతావు!"

పైనుంచి కామరాజు ఏదో కేకెయ్యడం వీరదుర్గకి రోజూ వినిపించేది. గాలికి మాట తెలిసేది కాదు. కాకుల్ని తోలుతున్నాడనుకునేది.

పదిహేను రోజులు అయ్యాయి. నెల అయింది. వరద వచ్చి తీసింది.

"ఏమయ్యా, పదిహేనూ ఇంకా అవలేదా?"

"పెద్దోళ్ళ పదిహేనూ మన పదిహేనూ ఒకటి కాదే."

ఆ ఏడు ఆ చెట్టు విరగకాసింది. ముదురు కాయల్ని కామరాజు అమ్మనివ్వలేదు. కురిడీకి వేద్దామన్నాడు. అటక మీద పేరిస్తే ఆరేడు నెలల్లో లోపల నీళ్ళు ఇంకి, కొబ్బరి గుండుగా ఊడి, ఊపితే గలగలమంటుంది. అప్పుడు ధర ఉంటుంది. "అమ్మాయి ఇంటర్లో చేరేసరికి అందొస్తాయి," అని ప్రతి కాయా తనే ఎక్కించి పేర్చాడు.

అక్టోబరు పన్నెండున తెల్లారుతూనే వాన. మాను నాచుపట్టి జారుతోంది.

"ఇవాళ మానెయ్యయ్యా," అంది వీరదుర్గ.

"మానేస్తే పేరు పక్కన గీత పడిపోద్దే. ఇన్నాళ్ళూ ఒక్కరోజు పోకుండా హాజరు పడింది," అని ఎక్కాడు.

ఎనిమిదీ నలభైకి పడ్డాడు. ఆయనతోపాటు ముదురు కాయ ఒకటి ఊడిపడింది. ఆసుపత్రికి తీసుకెళ్ళే పడవ ఏటి నడుమకి వచ్చేసరికి ప్రాణం పోయింది. ఫోను మాత్రం పైన మట్టకి వేలాడుతూ, ఛార్జింగు అయిపోయేదాకా పాఠం చెబుతూనే ఉంది.

కర్మకాండలయ్యాక వీరదుర్గ ఆ కాయని కూడా అటకెక్కించింది. విడిగా, ఒక మూల పెట్టింది.

నవంబరులో బడి తెరిచారు. రమ్యశ్రీ వెళ్ళింది, చదివింది. ఫిబ్రవరి ఆఖర్లో హెడ్మాస్టరు తల్లిని పిలిపించాడు.

"ఆన్‌లైను క్లాసులకి మీ అమ్మాయి హాజరు సున్నా అమ్మా. పరీక్షకి పేరు పంపడం కుదరదు."

"రోజూ పడిందన్నారండీ వాళ్ళ నాన్నగారు."

క్లాసు టీచరు ఉమామహేశ్వరి తల దించుకుంది. "రోజూ పిలిచేదాన్నమ్మా. ఒక్కరోజూ జవాబు రాలేదు."

చెట్టు మొవ్వులో ఉన్నది ఒక్క గీత సిగ్నలు. పైమాట దిగడానికి అది సరిపోయింది. కిందివాడి మాట పైకి పోవడానికి సరిపోలేదు. ఈ దేశంలో అన్ని తీగలూ అలాగే వేశారు.

రమ్యశ్రీ ఏడవలేదు. రొయ్యలు ఒలిచే షెడ్డుకి ఆడపిల్లల్ని ఎక్కించుకుపోయే వ్యాను మేస్త్రీని తనే అడిగి వచ్చింది. "రేపు ఐదింటికి రేవు అవతల నిలబడమన్నాడమ్మా," అంది, పుస్తకాలు గోనెలో కడుతూ.

ఆ మధ్యాహ్నం కురిడీ బేరగాడు కబురు పెట్టాడు. ఎన్ని తయారయ్యాయో చూద్దామని వీరదుర్గ నిచ్చెన వేసుకుని అటకెక్కింది. కురిడీ చూసే పద్ధతి ఒకటే, చెవి దగ్గర పెట్టి ఊపడం. మొదటి కాయ ఊపింది.

"ఆయ్! ప్రెజెంటండీ. పదిహేడో నంబరండీ. మా అమ్మాయి కిందుందండీ."

కామరాజు గొంతు. మొవ్వులో గాలి చప్పుడుతో సహా.

మళ్ళీ ఊపింది. గలగలమంది, అంతే. ఇంకోసారి. గలగల. ఒక్క కాయకి ఒక్కసారే.

రెండో కాయ చేతిలోకి తీసుకుంది గానీ ఊపలేదు. పాఠాలు బొండాల్లోకి దిగితే, కాలు కింది ముదురు కాయల్లోకి ఆయన మాట దిగింది. మొత్తం యాభై ఎనిమిది. ఒకటి వినేసింది. ఏడాదికొకటి విన్నా తను బతికినన్నాళ్ళూ సరిపోతాయి. తద్దినం నాడొకటి, ఎప్పుడైనా మరీ ఒంటరిగా అనిపించిన నాడొకటి. కాయ ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా! షెడ్డులో చేతులకి తొడుగులు ఇవ్వరంట. నాన్న పాత చొక్కా ఒకటి చింపుకోనా?" కింద నుంచి రమ్యశ్రీ అడిగింది.

"చింపకు," అంది వీరదుర్గ. "గోనెలో పుస్తకాలు తీసేసి, ఆ గోనె ఇలా అందియ్యి."

మర్నాడు తెల్లవారాక తల్లీకూతుళ్ళు పడవ దిగి, షెడ్డు వ్యాను వెళ్ళిపోయిన దారినే ఆటో ఎక్కారు. దారి పొడుగునా గోనె కదలకుండా ఇద్దరూ ఒడిలో పట్టుకున్నారు. బడిలో కాయలు బల్ల మీద పేర్చారు.

"ఊపండి మేడమ్ గారూ. ఒక్కసారేనండీ పలుకుతాయి, జాగర్తగా వినండి," అంది వీరదుర్గ.

ఉమామహేశ్వరి రిజిస్టరు తెరిచి, ఎర్రపెన్ను తీసి, మొదటి కాయ ఊపింది.

"ఆయ్, ప్రెజెంటండీ!"

పి అని వేసింది. రెండోది.

"ప్రెజెంటండీ. ఇక్కడ వానండీ. అయినా ఉన్నామండీ."

పి.

"ఇది తండ్రి గొంతు కదా. విద్యార్థి గొంతు ఉండాలి, రూలు," అన్నాడు హెడ్మాస్టరు.

"ఆ రూలు రాసినాయన్ని ఒకసారి ఆ చెట్టెక్కి పలకమనండి సార్," అంది టీచరు, తలెత్తకుండానే.

ముప్ఫయ్యో కాయో ఏదో. "ప్రెజెంటండీ. మేడమ్ గారూ, నిన్నంతా దగ్గేరు, మిరియాల పాలు తాగండీ." ఉమామహేశ్వరి చేతిలో పెన్ను ఆగింది. ఆ నెల ఆమె ఇంట్లో ఇద్దరు పోయారు. ఫోను అవతల ఎవరైనా ఉన్నారో లేదో తెలియకుండానే ఆమె పాఠాలు చెప్పింది. కళ్ళు తుడుచుకుని పి వేసింది.

ఇంకోటి. "వినపడతందాండీ? నా మాట వినపడతందాండీ?"

ఒక్కో కాయా పలికి మూగబోతుంటే వీరదుర్గ గోడకానుకుని విన్నది. తనకి మిగలాల్సిన ముప్ఫై నలభై ఏళ్ళు ఆ గంటలో అయిపోయాయి. ఇంట్లో వినేసిన కాయ సంగతి చెబితే టీచరు దానికీ పి వేసింది. యాభై ఏడు. పరీక్షకి వెళ్ళే జాబితాలో పదిహేడో నంబరు ఎక్కింది. రమ్యశ్రీ ఆ గదిలోనే, తల్లి భుజం మీద తల పెట్టి, అప్పుడు ఏడ్చింది.

"గోనెలో ఇంకోటి ఉన్నట్టుందమ్మా," అన్నాడు హెడ్మాస్టరు.

"అది అక్టోబరు పన్నెండుదండీ. ఇక్కడ ఊపేది కాదండీ."

రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉంది. ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఆ జిల్లా ఆఫీసరుకి ఉత్తరం వీరదుర్గ చెప్పింది, రమ్యశ్రీ రాసింది. పిల్ల ముందుగా, బొండాంలో విన్న పాఠం నుంచి, 'విద్య బాలల ప్రాథమిక హక్కు' అని రాసింది.

"అది ఉంచు. దాని కింద మీ నాన్న సంగతి రాయి."

"అయ్యా, మా పెరట్లో నిలబడి పదిహేను రోజులన్నారు. మా ఇంటాయన దింపిన బొండాలు తాగేరు. పదిహేను రోజుల కోసం ఆయన మూడు నెలలు ఎక్కేడు. పాఠం పోలేదు, ఆయన పోయేడు. టవరు ఇంకా రాలేదు. మేం దయ అడగడం లేదు. ఎందుకు రాలేదో జవాబు అడుగుతున్నాం. ఆయనతోపాటు పడిన కాయ మా దగ్గరుంది. అందులో ఏముందో మేం వినలేదు. వినలేం. జవాబు రాకపోతే దాన్ని తెచ్చి మీ బల్ల మీద, మీ చెవి దగ్గర ఊపుతాం. ఒక్కసారే పలుకుతుంది. మీరొక్కరే వినాలి.

గడువు: రెండు వేల ఇరవై ఒకటి, మార్చి ముప్ఫై ఒకటి, బుధవారం, సాయంత్రం ఐదు గంటలు."