పెట్టె కుయ్యిమన్నప్పుడల్లా

గిన్నెలు తోముతుండగా వంటింటి గోడ మీది ఆటోమేటిక్ గేటు పెట్టె కుయ్యిమంది. ఆమె తల కూడా తిప్పలేదు. నురగ చేత్తోనే పెట్టె కిందున్న తెల్ల బొత్తాన్ని నొక్కింది. బయట గేటు గరగరలాడుతూ పక్కకి జరిగింది, కారు లోపలికొచ్చింది, గేటు దానంతటదే మళ్ళీ మూసుకుంది.

"చూశావా, కారు దిగక్కర్లేదు, హారన్ కొట్టక్కర్లేదు. ఫోన్‌లో ఇలా నొక్కితే చాలు," అంటూ భర్త మెకానిక్‌ని వెంటబెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఇన్నేళ్ళలో ఒక్కరోజూ మొరాయించలేదయ్యా. ఈ మోడల్‌కి ఇక యాప్ ఉండదన్నారు గనక మారుస్తున్నా గానీ, లేకపోతే దీన్ని వదిలేవాణ్ణే కాదు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వలేదు. ఆ పెట్టె మొరాయించి ఏళ్ళు గడిచాయి. కొత్తలో బుద్ధిగానే పనిచేసేది. ఓసారి ఆయన ఆఫీసువాళ్ళని భోజనానికి పిలిచి, కారు వీధిలోనే ఆపి, అందరికీ చూపిస్తూ ఫోన్ నొక్కాడు. పెట్టె కుయ్యిమంది గానీ గేటు కదల్లేదు. ఆమె వంటింటి కిటికీలోంచి ఆయన ముఖం చూసింది. నలుగురిలో చిన్నబోతాడే అనిపించి బొత్తాం నొక్కింది. దాని తీగ పెట్టెతో పని లేకుండా నేరుగా మోటారుకే వెళ్తుంది. గేటు తెరుచుకుంది, ఆయన ముఖం చాటంతయింది. అతిథులు వెళ్ళగానే చెప్పింది, "ఏమండీ, ఆ పెట్టె పాడైనట్టుంది, గేటు నేనే తీశాను," అని. "నీకేం తెలుసు దాని సంగతి? నెట్ కాస్త నెమ్మదిగా ఉంది, అంతే," అని కొట్టిపారేశాడు. ఇంకోసారి చెప్తే ఇంకాస్త గట్టిగా కసిరాడు. చెప్పి మాటపడేకంటే నొక్కడమే తేలికనిపించింది. అప్పట్నుంచీ పెట్టె కుయ్యిమనడం, ఆమె నొక్కడం. అన్నం కలిపిన చేత్తో, ఒళ్ళు కాలిపోతున్న జ్వరంలో, స్నానం సగంలో వదిలేసి తడి కాళ్ళతో. ఆయనొచ్చే వేళకి ఎక్కడున్నా పరుగున ఇంటికి చేరేది. ఒకరోజు బజారులో చిక్కుకుపోయి రాలేకపోతే, ఆయన గేటు బయట నిలబడి నెట్ కంపెనీవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆ వేళ ఆమె ఇంట్లో లేదన్న సంగతి ఆయనకి తట్టనే లేదు.

అదీ భరించేదేమో. నిన్నటి మాటే మనసులో ముల్లులా గుచ్చుకుంది. పెళ్ళికి ముందు రక్తపరీక్షల ల్యాబ్‌లో చేసేది. అక్కడి డాక్టరమ్మ ఇన్నాళ్ళకి గుర్తుపెట్టుకుని నిన్న ఫోన్ చేసింది, సోమవారం నుంచి వస్తావా, రేపు సాయంత్రంలోగా చెప్పు, అని. భోజనాల దగ్గర ఆ మాటెత్తితే ఆయన చెంచా పక్కన పెట్టి మరీ నవ్వాడు. "బట్టలు మెషీన్ ఉతుకుతోంది. ఇల్లు మెషీన్ ఊడుస్తోంది. ఆఖరికి గేటు కూడా ఫోనే తీస్తోంది. అయినా సాయంత్రమయ్యేసరికి నడుం పట్టేసిందంటావు. ల్యాబ్‌లో రోజంతా నిలబడతావా నువ్వు?" అత్తగారు అందుకుంది. "మా రోజుల్లో గేటుకి కూడా మేమే పరుగెత్తేవాళ్ళం. నీది కాలు కదపక్కర్లేని బతుకమ్మా." ఘోరమేమిటంటే, ఆమెకీ ఆ మాట నిజమేనేమో అనిపించింది. ఏ పనీ లేకుండానే అలసిపోతున్నానేమో, ఇక నావల్ల ఏదీ కాదేమో అని పొద్దుట్నుంచీ మథనపడుతోంది. డాక్టరమ్మకి రాలేనని చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా.

మెకానిక్ పెట్టె మూత విప్పి లోపలికి తొంగిచూశాడు. "సార్, ఇది కాలిపోయి ఎన్నాళ్ళయిందో! కూత ఒక్కటే మిగిలింది. గేటు తీసే సత్తా దీనికి లేదు."

"భలేవాడివే! ఇందాక నీ కళ్ళముందే తీశాను కదయ్యా!" ఆయన మళ్ళీ ఫోన్ నొక్కాడు.

పెట్టె కుయ్యిమంది. ఆమె చెయ్యి దానంతటదే లేచింది. బొత్తాం దాకా వెళ్ళి ఆగింది. కిటికీ బయట గేటు ఉన్నచోటే ఉంది. ఆయన మళ్ళీ నొక్కాడు, మళ్ళీ. అది కూస్తూనే ఉంది. ఆమె చెయ్యి దించేసుకుంది.

అప్పుడు చూశాడు, బొత్తాం మీద ఇంకా ఆరని సబ్బు నురగని.

"అంటే... రోజూ నువ్వేనా?"

"ఎప్పుడో చెప్పాను కదండీ."

ఒక్క క్షణం ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఇప్పుడైనా ఒక మంచి మాట అంటాడనుకుంది, పిచ్చిది. ఆయన మెకానిక్ వైపు తిరిగి పకపకా నవ్వాడు. "విన్నావా? మా ఇంట్లో ఆటోమేటిక్ అంటే గేటు కాదు, మా ఆవిడ!" మెకానిక్ మొహమాటానికి నవ్వాడు. "బొత్తాం నొక్కడం కూడా ఒక పనేనా, చోద్యం కాకపోతే," అంది అత్తగారు హాల్లోంచి.

ఆమెకి ఏడుపు రాలేదు. నిన్నటి నుంచి మనసులో గుచ్చుకుంటున్న ముల్లు మాత్రం ఊడిపోయింది. కాలు కదపని మనిషి కాదు తను. ఈ ఇంట్లో మెషీన్లు చేస్తున్నాయనుకునే పనుల్లో ఇంకెన్ని తన చేతుల మీదుగా సాగుతున్నాయో, చేస్తున్న తనే లెక్కలోకి తీసుకోలేదు. సిగ్గేసింది, వాళ్ళని చూసి కాదు, వాళ్ళ మాట నమ్మినందుకు.

మెకానిక్ కొత్త పెట్టె బిగించాడు. ఆయన ఫోన్ నొక్కాడు. ఏ కూతా లేకుండా గేటు మెత్తగా తెరుచుకుంది.

"మరి ఈ పాత బొత్తాం తీసెయ్యమంటారా సార్?"

"ఉంచవయ్యా. ఎప్పుడైనా నెట్ పోతే పనికొస్తుంది. ఎలాగూ ఈవిడ ఇంట్లోనే పడుంటుందిగా."

ఆమె చేతులు కడుక్కుని శుభ్రంగా తుడుచుకుంది. డాక్టరమ్మకి ఫోన్ కలుపుతూ మెకానిక్‌తో అంది.

"తీసెయ్యి బాబూ. సోమవారం నుంచి దాన్ని నొక్కే మనిషి ఇంట్లో ఉండదు."