ఐడెల్లా అడిగిన ప్లేటు

ఆ ఉదయం ఐడెల్లా తనంతట తానే తిండి మాట ఎత్తింది. వార్డెల్ కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక మంచం మీంచి నీరసంగా గొంతు వినబడింది.

"మాంసం గుజ్జుగా ఉడికించిన హ్యాష్ అన్నం మీద వేసుకుని తినాలనుంది వార్డెల్. మా నాన్న చేసినట్టు. పక్కన పసుపు సాస్ కలిపిన మాంసం కూడా ఇంత."

వార్డెల్ కప్పు కింద పెట్టేశాడు. మందులు ఎక్కించడం మొదలెట్టినప్పటి నుంచి ఆమె నోటికి ఏదీ సహించడం లేదు. ఏం పెట్టినా ఇనుప మేకు చప్పరించినట్టుందని పక్కకి నెట్టేస్తోంది. మనిషి చిక్కి సగమైంది. ఇలాగే తినకుండా ఉంటే వచ్చే విడత మందు ఈ ఒంటికి ఎక్కించలేమని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. ఆ మందు ఎక్కకపోతే ఏమవుతుందో వార్డెల్ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

మనవరాలు కెండ్రా యూనివర్సిటీ పట్టా పుచ్చుకుంటోందని ఇద్దరూ ఉత్తర కరోలినా నుంచి పక్క రాష్ట్రంలోని కొలంబియా ఊరికి వచ్చారు. ఐడెల్లా పుట్టి పెరిగిన ఊరే ఇది. ఆమె తమ్ముడు రాస్కో ఇంట్లో దిగారు. మనవరాలు నల్ల గౌను వేసుకుని వేదిక ఎక్కడం ఐడెల్లా మంచం మీంచే ఫోన్లో చూసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది. అలాంటి మనిషి నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగింది.

అడక్క అడక్క అడిగిందా, అదీ వార్డెల్ ముట్టని తిండి. ఉత్తర కరోలినా తూర్పు తీరాన కొట్టు పెట్టి నలభై ఏళ్లు పందిని పందిగానే నిప్పుల మీద కాల్చిన మనిషి అతను. వెనిగర్, ఎండుమిరప, ఉప్పు. అంతకు మించి ఏది పూసినా అది బార్బెక్యూ కాదని అతని వాదం. ఆవపిండితో చేసే ఈ ఊరి సాస్‌ని పసుపు నీళ్లనేవాడు. కుర్రతనంలో సిపాయిగా ఈ ఊరి శిబిరానికి వచ్చి ఐడెల్లా మీద మనసు పడ్డప్పుడు, వాళ్ల నాన్న పిలిచి భోజనం పెట్టాడు. పెట్టిన మాంసం మీది పసుపంతా వార్డెల్ కత్తి అంచుతో గీకి, ప్లేటు అంచుకి నెట్టి, అప్పుడు తిన్నాడు. వండినాయన ఎదురుగానే! ఆయన ఆ పూటంతా నోరు విప్పలేదు. ఐడెల్లా మాత్రం పొలమారేదాకా నవ్వింది. ఆ తర్వాత యాభై ఏళ్లూ వార్డెల్ ఇంట్లో వెనిగరే తింది. పసుపు సాస్ ఆ ఇంటి గడప తొక్కలేదు, ఆమె తొక్కించనూ లేదు.

"పద రాస్కో," అన్నాడు వార్డెల్ టోపీ పెట్టుకుంటూ. "మీ పసుపు నీళ్లు ఎక్కడ దొరుకుతాయో చూపించు."

రాస్కో చేతిలోని తాళాలు జారి కిందపడ్డాయి. "ఏంటి బావా, మళ్లీ అను. మా నాన్న సమాధిలోంచి లేచి వచ్చి వినాల్సిన మాట ఇది."

"నీ వాగుడు కారెక్కాక వాగు."

మే నెల మధ్యాహ్నం. కారు అద్దాల మీద ఎండ నీళ్లలా కదులుతోంది. దారిపొడుగునా నల్ల గౌన్లు, పూలగుత్తులు, కొత్త చెప్పులు కరిచి కుంటుతున్న తల్లులు. ఊరు ఊరంతా ఒకే కలలో నడుస్తున్నట్టుంది. కారు నడుపుతూనే రాస్కో తన గోడు వెళ్లబోసుకున్నాడు. కిందటేడు పెద్ద జ్వరం వచ్చి పోయాక అతనికి వాసన, రుచి రెండూ పోయాయి.

"గడ్డి పెట్టినా, కేకు పెట్టినా నాకొకటే బావా. మా నాన్న సాస్ ఎలా ఉండాలో ఇక్కడుంది," అని కణత మీద వేలితో కొట్టుకున్నాడు. "నాలుక మీద మాత్రం లేదు."

"బాగుంది సంబడం. తెలిసినోడికి నాలుక లేదు. నాలుక ఉన్నోడికి తెలీదు."

"నీకు నాలుక ఎక్కడుంది బావా? వెనిగర్ పోసి పోసి నలభై ఏళ్ల కిందటే ఊరగాయ పెట్టేశావుగా."

మొదటి చోట వీధి మలుపు దాకా జనం. వాళ్లు క్యూలో నిలబడి నాలుగడుగులు వేశారో లేదో, లోపల్నుంచి ఒకామె వచ్చి తలుపు మీద అట్టముక్క తగిలించింది. అయిపోయింది అని రాసి ఉంది దాని మీద. కొట్టు నడిపినన్నాళ్లూ వార్డెల్ కూడా అలాంటి అట్టముక్కే తగిలించేవాడు, తగిలించి గర్వపడేవాడు. దానికి అవతలి పక్క నిలబడితే ఎలా ఉంటుందో ఈవేళే తెలిసింది.

రెండోది పెద్ద హోటలు. గుమ్మం పక్క అందంగా పేర్చిన కట్టెల మోపు, దాని ముందు ఫొటోలు దిగుతున్న పిల్లలు. రాస్కో హుషారుగా దిగబోయాడు. వార్డెల్ తన అలవాటు ప్రకారం ముందు కట్టెల దగ్గరికే వెళ్లాడు. వంగి చూశాడు. కట్టెల సందుల్లో సాలీడు తీరిగ్గా గూడు కట్టుకుని ఉంది. ఒక తీగ పైదాకా పాకి పువ్వు కూడా పూసింది.

"ఇది కట్టెల మోపు కాదు, పెళ్లిపందిరి," అన్నాడు వెనక్కి వస్తూ. "లోపల గ్యాసు పొయ్యి. పద."

"బావా, ఆకలేసిన మనిషికి సాలీడుతో ఏం పని?"

"మీ అక్క నలభై ఏళ్లు నా పొగలో బతికింది. గ్యాసు మీద ఉడికిందాన్ని కళ్లు మూసుకుని పట్టేస్తుంది. అడక్క అడిగిందిరా. దొంగ సరుకు పెట్టమంటావా?"

రాస్కో కారు తాళం తిప్పాడు. అక్క ఎలా ఉందో అతనికీ తెలుసు.

ఊరు దాటి నది పక్క దారి పట్టారు. పైన్ చెట్ల నీడలు కారు మీద పడుతూ జారిపోతూ ఉన్నాయి. మూడు రాత్రుల నుంచి సరిగ్గా నిద్రలేని వార్డెల్ తల కిటికీకి వాలిపోయింది. కలలో మామగారి పెరడు. నిప్పుల గుంత మీంచి నీలం పొగ, దాని వెనక గులాబీ గౌను వేసుకున్న ఐడెల్లా. ఆమె ఏదో అంటోంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట వినిపించడం లేదు. గొంతు ఎక్కడికి పోయిందని వార్డెల్ కంగారుగా ముందుకు నడిచాడు. నడిచినకొద్దీ ఆమె దూరమవుతోంది. పొగ మాత్రం అతని దగ్గరికే వస్తోంది. కరుగుతున్న కొవ్వు, హికరీ కట్టె, వెనకాల సన్నగా పులుపు.

"ఆపు!" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"ఇక్కడేం లేదు బావా, అన్నీ చెట్లే."

"ఆపమన్నానా! పొగ."

చెట్ల వెనక రేకుల షెడ్డు. బోర్డు లేదు. పక్కన కట్టెలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. సగం అప్పుడే వాడేసినట్టు నేల మీద చెక్కపొట్టు తాజాగా ఉంది. వార్డెల్ ఒక కట్టె తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాళ్లలో సత్తువ తిరిగొచ్చింది.

లోపల భారీ మనిషి ఒకామె పడవ తెడ్డంత గరిటెతో ఇనుప బాన అడుగు గీరుతోంది. పేరు మిస్ యూనా అని ఎప్రన్ మీద కుట్టి ఉంది.

"కట్టేశాం పెద్దాయనా. చర్చివాళ్లు పొద్దున్నే ఊడ్చుకుపోయారు. ఇదుగో, ఇంత హ్యాష్ మిగిలింది, ఓ పిడికెడు మాంసం."

"ఆ ఇంతే చాలు తల్లీ. ముందు కాస్త రుచి చూస్తాను."

మిస్ యూనా గరిటె ఆపింది. "మాట చూస్తే ఆ పై తీరం మనిషిలా ఉన్నావు. వెనిగర్ తాగే జాతి. నా సాస్‌కి నువ్వు పరీక్ష పెడతావా?"

"ఆయన మా బావ," అన్నాడు రాస్కో దీనంగా. "మా తలరాత."

"పరీక్ష కాదు," అన్నాడు వార్డెల్. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా ఆవిడది ఈ ఊరే. జబ్బు చేసింది. ఏమీ తినడం లేదు. ఇవాళ ఇది అడిగింది. ఏది బాగుంటుందో నాకు తెలీదు. నేనెప్పుడూ తినలేదు."

మిస్ యూనా అతన్ని కాసేపు చూసింది. గరిటె అంచున మాంసం, దాని మీద పసుపు సాస్ వేసి అతని ముందు పెట్టింది. వార్డెల్ చర్చిలో నిలబడ్డట్టు నిలబడి నోట్లో పెట్టుకున్నాడు.

"చెప్పు బావా," అన్నాడు రాస్కో దగ్గరికొచ్చి. గొంతు మారిపోయింది. "ముందు ఏం తగిలింది?"

"పులుపు."

"తర్వాత?"

"తీపి. కాకపోతే చక్కెర తీపి కాదు, మగ్గిన పండు తీపి. ఆవపిండి ముక్కుకెక్కుతోంది."

"కళ్లు మూసుకో. దాని వెనక?"

వార్డెల్ కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. షెడ్డు, నది, ఎండ అన్నీ ఎక్కడో దూరంగా ఉండిపోయాయి. "మిరియం. మెల్లగా వస్తోంది. అందరూ వెళ్లిపోయాక గుమ్మంలో నిలబడ్డ మనిషిలా... పోనే పోవడం లేదు."

రాస్కో కణతల మీద చేతులు పెట్టుకుని కళ్లు మూసుకునే ఉన్నాడు. ఆ మాంసం నోట పెట్టకుండానే గుటక వేశాడు. "అదే," అన్నాడు. "అదే బావా. నాకు తగిలింది."

మిస్ యూనా బాన అడుగుదాకా గీరి, అన్నం మీద హ్యాష్ పోసి, మాంసం పక్కన పెట్టి ప్లేటు కట్టింది. బయటికొస్తూ రాస్కో బావ మొహంలోకి ఒకసారి చూశాడు. ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. దారిపొడుగునా ఆ పెదవి బిగింపు సడలలేదు. వార్డెల్ ఒళ్లో వెచ్చటి ప్లేటు పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, నిద్రపోతున్న పసిదాన్ని మోస్తున్నట్టు ఇంటిదాకా తీసుకొచ్చాడు.

ఐడెల్లాని దిండుకి ఆనించి కూర్చోబెట్టారు. మూత తీయగానే ఆవిరి లేచింది. ఆమె వంగి వాసన చూసింది. చెంచా పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"వాసన బాగుంది వార్డెల్. పాపం ఎంత తిరిగారో. అక్కడ పెట్టు, తర్వాత తింటాను."

ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదని ఈ మూడు నెలల్లో వార్డెల్‌కి బాగా తెలిసొచ్చింది. కట్టెలు పట్టుకోగలిగాడు, పొగ పట్టుకోగలిగాడు, ఆఖరికి ఆ మిరియాన్ని కూడా పట్టుకున్నాడు. ఇంక తన చేతిలో ఏముంది? ప్లేటు తీయడానికి వంగాడు.

"ఆగు," అంది ఐడెల్లా. "దగ్గరికి రా. ఇంకా దగ్గరికి. ఏంటది?"

"ఏది?"

గుమ్మం దగ్గర రాస్కో గోడవైపు తిరిగాడు. భుజాలు ఎగురుతున్నాయి.

ఐడెల్లా సన్నటి వేలు చాచి వార్డెల్ తెల్లటి మీసం కొస మీద రాసింది. వేలు చూసుకుంది. ఎండి గట్టిపడిన పసుపు.

"వార్డెల్! నువ్వు తిన్నావా?"

"తినలేదు. నీకోసం... కాస్త రుచి చూశానంతే."

ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత గొంతులోంచి ఏదో గురగురమంది. ఆ తర్వాత నవ్వింది. ఊపిరాడనంత నవ్వు, కళ్లలో నీళ్లు తిరిగే నవ్వు, మామగారి బల్ల దగ్గర పొలమారేదాకా నవ్విన అదే నవ్వు. కలలో దొరకని గొంతు ఇదుగో, ఈ మంచం మీద ఉంది. వార్డెల్ కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని కదలకుండా నిలబడ్డాడు.

"ఎలా ఉంది?" అంది ఆయాసపడుతూ.

"బాగుంది."

"మళ్లీ అను."

"బాగుందన్నాగా."

"రాస్కో, విన్నావా? నువ్వు సాక్షి." వేలి మీది పసుపు నోట్లో పెట్టుకుని చప్పరించింది. చప్పరిస్తూ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత చెంచాతో హ్యాష్, అన్నం కలిపి ఒక ముద్ద తింది. ఇంకోటి తింది. గదిలో ఇద్దరూ ఆమె నమలడం ఒక్కటే వింటున్నారు.

సగం అయ్యాక ఐడెల్లా మాంసం ముక్క ఒకటి సాస్‌లో బాగా ముంచి వార్డెల్ నోటి దగ్గర పెట్టింది.

"తిను," అంది. "ఈసారి గీకకు."