టోపీ మీద ప్యాచ్

ఐనార్ బల్లకు బిగించిన, మంచు మీద జారే స్కీల అడుగున వేడి ఇస్త్రీపెట్టెతో మైనం పట్టిస్తూ, రుద్దుకొకటి చొప్పున లెక్కపెడుతున్నాడు. "యుక్సి, కాక్సి, కొల్మె..." గదిలో ఎవరూ లేరు కాబట్టే ఆ భాషలో లెక్క. డెబ్బయి మూడేళ్ల మనిషి. నడుము వంగింది, వేళ్ల చివర్లు మైనంతో కాయలు కాశాయి. ఉత్తర మిషిగన్‌లోని ఈ స్కీ క్లబ్బులో ముప్పయ్యేళ్లుగా ఇదే పని. పందెం రోజున మాత్రం బయలుదేరే గీత దగ్గర నిలబడి, అంకెలు వెనక్కి లెక్కపెట్టి పిల్లల్ని ఒక్కొక్కరినే వదులుతాడు. ఇంగ్లీషులోనే.

మనవరాలు లీనా పందెం బట్టల్లో లోపలికొచ్చింది. ఆమె టోపీ మీద కొత్తగా కుట్టిన క్వెన్ జెండా ప్యాచ్ చూడగానే ముసలాయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాడు.

క్వెన్లంటే నార్వే ఉత్తరాన ఫిన్నిష్‌కు దగ్గరి భాష మాట్లాడే చిన్న జనం. ఐనార్ తల్లి అక్కడి బడిలో ఆ భాష మాట్లాడి దెబ్బలు తిన్నది. అమెరికా వచ్చినా భయం వదల్లేదు. వీధిలో కొడుకు ఆ భాషలో అంకెలు పలికితే చేత్తో నోరు మూసేసింది. "మనం నార్వేవాళ్లం. ఎవరడిగినా అంతే." ఆమె పోయి నలభయ్యేళ్లయినా ఆ చెయ్యి అతని నోటి మీదనుంచి లేవలేదు.

"అది తీసెయ్యమ్మా."

"ఎందుకు తాతయ్యా? నువ్వు లెక్కపెడుతుంటే విని, ఏ భాషో ఫోన్‌లో వెతికాను. మా టీమ్‌లో అందరూ బావుందన్నారు."

"నీకు తెలీదు. పేర్లు రాసుకుంటారు. తర్వాత..." తర్వాత ఏమిటో అతనికీ తెలియదు.

ఆమె టోపీ బల్లమీద పెట్టి బూట్లు మార్చుకోవడానికి వెళ్లగానే, కుట్లు తెంపి ప్యాచ్‌ను జేబులో కుక్కుకున్నాడు.

గీత దగ్గర అందరికంటే చివర లీనా వంతు వచ్చింది. టోపీ మీద సూది బెజ్జాలే మిగిలాయి. ఆమె తాత వైపు చూసింది. అతను సిగ్గుతో తల దించుకున్నాడు. మైకు ఎత్తాడు.

"వీసి, నెల్యా, కొల్మె..."

నోరు జారింది. మైదానమంతా విన్నది. ఎవరో వచ్చి రెక్క పట్టుకుంటారని అక్కడే ఆగిపోయాడు.

"కాక్సి, యుక్సి," ఫోన్‌లో నేర్చుకున్న అంకెలతో లీనాయే లెక్క పూర్తిచేసి దూసుకుపోయింది.

పక్కన టైము రాసుకునే ఆవిడ, "ఏ భాషండీ అది?" అంది.

మైకు దించి, "మా అమ్మది," అన్నాడు.

పందెం ముగించుకుని లీనా వచ్చేసరికి ఐనార్ మైనం గదిలో గోడకు జారబడి ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని భుజం తట్టింది. లేవలేదు. అతని ఊపిరి ఆగిపోయింది, ఇస్త్రీపెట్టె ఇంకా వేడిగానే ఉంది.

ఒళ్లో అతని పాత ఉన్ని టోపీ. దాని మీద ఆ ప్యాచ్ మూడు వైపులా కుట్టి ఉంది. నాలుగో వైపు సూది, దారంతో సహా వేలాడుతోంది.