డెబ్బై ఒక్క రోజుల సముద్రం

కెరటంతోపాటు ఎక్కి, కెరటంతోపాటు దిగి, ఆ ఎక్కడం దిగడంలోంచే కరెంటు పుట్టించే యంత్రాన్ని నేను. చూడడానికి మేడ మీది నీళ్ల ట్యాంకులా ఉంటాను. ఒంటికి పసుపు రంగు, నెత్తిన ఒక దీపం, కడుపులో ఒక జనరేటరు. విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో నాకు వెల్డింగు జరిగింది. పక్క షెడ్డులో లారీ బాడీలు కట్టేవారు. వాళ్లు టీ తాగడానికి వచ్చినప్పుడల్లా నా చుట్టూ ఒకసారి తిరిగి, దీనికి చక్రాలెక్కడ అని అడిగి వెళ్లేవారు.

నన్ను ఊహించిన మనిషి హైమవతి. నలభై ఆరేళ్ల ఇంజనీరు. సముద్ర విద్యుత్తు మీద కొత్త యంత్రాలు చేసేవారికి ప్రభుత్వం ఒక పథకం పెడితే, ఆమె పనిచేసే పరిశోధన సంస్థ తరఫున దరఖాస్తు పెట్టింది. నా ఇనుము ఇంకా రాకముందే నేను కాగితం రూపంలో పదకొండు ఆఫీసులు తిరిగాను. ఒకచోట నన్ను ఓడగా నమోదు చేయమన్నారు. కట్టేసి ఉంచేది ఓడ ఎలా అవుతుందని ఇంకోచోట అభ్యంతరం చెప్పారు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో నేను ఎలా నడుచుకుంటానో రాసిమ్మని అటవీశాఖవారు అడిగారు. హైమవతి ఓపిగ్గా అన్నిటికీ జవాబులు రాసింది. మనుషులకు కొత్త వస్తువు కంటే దాన్ని ఏ ఫైల్లో పెట్టాలన్నదే పెద్ద సమస్య అని నాకు అప్పుడే అర్థమైంది.

చివరికి అనుమతి వచ్చింది, ఒక షరతుతో. సముద్రంలో తొంభై రోజులు ఆగకుండా పనిచేస్తేనే రెండో దశకు మద్దతు. లేకపోతే పథకం అంతటితో సరి.

శ్రావణమాసంలో నన్ను భీమిలికి ఉత్తరాన చింతగెడ్డపాలెం అనే మత్స్యకారుల ఊరికి తెచ్చి, ఒడ్డుకు కిలోమీటరు దూరంలో నీళ్లలో దించారు. అడుగున కాంక్రీటు దిమ్మ, దాని నుంచి నా దాకా గొలుసు, ఒడ్డుకు కేబులు. ఒడ్డున ఒక చిన్న గదిలో ఐసు మిషను. ఆ ఐసు ఊరి ఆడవాళ్లకి.

ఐసు అంటే ఆ ఊళ్లో ఏమిటో గురమ్మను అడగాలి. ముప్పై ఏళ్లుగా చేపలు అమ్ముతోంది. ఐసు బండి పట్నం నుంచి వచ్చేసరికి పొద్దెక్కేది. ఈలోగా వంజరం చేప మెత్తబడిపోయేది, వ్యాపారి మొహం చిట్లించి అడిగిందే ధర అయ్యేది. నా కరెంటుతో మొదటి ఐసు రాలిన రోజు గురమ్మ ఒక ముక్క తీసి బుగ్గకు ఆనించుకుంది. "సల్లగున్నాది," అని మాత్రం అంది. ఆ పూట వ్యాపారి మొహం చిట్లిస్తే, బుట్ట మూసి వెనక్కి తిరిగి వచ్చేసింది. మర్నాడు అతనే గుమ్మం దాకా వచ్చాడు.

గురమ్మ భర్త దానయ్యకు మాత్రం నేను మొదట నచ్చలేదు. వలలు చుట్టుకుంటాయని భయం. రోజూ తెప్ప మీద వచ్చి, నాకు దూరంగా ఆగి, చుట్ట కాలుస్తూ చూసేవాడు. కొన్నాళ్లకు దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. నా నీడలో చేపలు చేరుతున్నాయని కనిపెట్టాడు. ఆ తర్వాత నామీద ఈగ వాలనిచ్చేవాడు కాదు.

ఇరవయ్యో రోజున హైమవతి పడవలో నన్ను చూడడానికి వస్తే, అతను తెప్ప పక్కకు తెచ్చి ఆపాడు.

"అమ్మా, ఈ గొలుసు ఆగదు."

"ఎందుకు ఆగదు దానయ్యగారూ? దీనికి మూడింతల బరువు లాగి చూశాం."

"బరువు గురించి కాదమ్మా. దసరా ఎల్లినాక ఇక్కడ నీరు తిరుగుద్ది. పైనీరు ఒకేపు, అడుగునీరు ఇంకోయేపు లాగుతాది. గొలుసు మెలి పడిపోద్ది. మా లంగరు తాళ్లు ఎన్ని తెగినాయో నాకు తెలుసు."

హైమవతి నోటు పుస్తకం తీసి ఆ మాటలు అన్నట్టుగానే రాసుకుంది. కానీ గొలుసు మార్చాలంటే నన్ను ఒడ్డుకు లాగాలి. లాగితే లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి. పథకానికి ఇచ్చిన గడువు చాలదు. పుస్తకం మూసి, కాసేపు నా ఒంటి మీద చెయ్యి వేసి నిలబడి, వెళ్లిపోయింది. ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ గుర్తే.

దసరా వెళ్లింది. డెబ్బై ఒకటో రోజు మధ్యాహ్నం నీరు తిరిగింది. నా కింద గొలుసు మెలిక మీద మెలిక పడుతోంది. నేను పైకి లేవబోతే కిందికి గుంజుతోంది. మూడు గంటలకు కేబులు ముందు తెగింది, తర్వాత గొలుసు. ఒడ్డున ఐసు మిషను ఆగిపోయింది. అబద్ధం ఎందుకు, కట్టు తెగిన మొదటి గంట నాకు హాయిగానే ఉంది.

దక్షిణాన ఇంకో పాలెం దగ్గర ఇసకలో ఒరిగాను. అక్కడివాళ్లు నా మీద వలలు ఆరేశారు. ఒకామె నా నిచ్చెనకు మేకను కట్టింది. మూడో రోజు హైమవతి, దానయ్య వెతుక్కుంటూ వచ్చారు. ఆమె నా పక్కన ఇసకలో కూలబడింది.

"మీరు చెప్పారు. నేను వినలేదు," అంది.

దానయ్య తెగిన గొలుసు కొస చేతిలోకి తీసుకుని చూశాడు. "ఇన్నారు గదమ్మా. రాసుకున్నారు కూడాను. సెయ్యలేదంతే."

తనిఖీ కమిటీ రావడానికి వారం ఉంది. సంస్థ డైరెక్టరు ఫోను చేసి, తుఫాను హెచ్చరిక చూసి మనమే ఒడ్డుకు తెచ్చామని రాయమన్నాడు. తుఫానుకైతే గడువు పెంచుతారు, పథకం బతుకుతుంది. ఐసూ బతుకుతుంది. హైమవతి రెండు రోజులు ఆ నోటు పుస్తకం తిరగేసింది. తర్వాత నివేదిక రాసింది. ఏది తెగిందో, ఎందుకు తెగిందో, ఆ సంగతి ఇరవయ్యో రోజునే ఎవరు చెప్పారో, తాను ఎందుకు ఊరుకుందో, అన్నీ. నోటు పుస్తకంలో పేజీ కూడా జతచేసింది.

కమిటీ ఐసు గదిలోనే కూర్చుంది. అధ్యక్షుడు వేదాచలంగారు పెద్దాయన, చెమట తుడుచుకుంటూ నివేదిక రెండుసార్లు చదివారు. గది తలుపు దగ్గర ఆడవాళ్లు గుమిగూడారు.

"షరతు తొంభై రోజులు. మీరు డెబ్బై ఒకటి దగ్గర ఆగారు," అన్నారాయన.

"అవును సార్."

గురమ్మ లోపలికి వచ్చింది. "బాబూ, అయ్యన్నీ మాకు తెలవవు. ఐసు మళ్లీ ఎప్పుడిత్తారో అది సెప్పండి. ఎనిమిది నెలలా, ఏడాదా? అందాకా మేం ఓర్సుకుంటాం."

ఆయన ఆమెను చూసి, మళ్లీ ఆ పేజీ చూశారు.

"ఎక్కడ తెగుతుందో తెలుసుకోవడానికే ప్రభుత్వం ఈ పని మీకు అప్పగించింది," అన్నారు. "ఇంతకుముందు నేను చూసిన నివేదికల్లో ఏదీ తెగలేదు. అందుకే ఏదీ ముందుకూ పోలేదు. రెండో దశకు సిఫారసు చేస్తాను. అయితే గొలుసు గీసేటప్పుడు ఈ దానయ్యగారు పక్కన ఉండాలి. అది నా షరతు."

హైమవతి తలవంచుకుని కళ్లద్దాలు తుడుచుకుంది, చాలాసేపు.

దానయ్యను సలహాదారుగా పెట్టడానికి ఒక ఫారం వచ్చింది. అందులో విద్యార్హత అనే గడి ఉంది. హైమవతి "సముద్రం, యాభై ఏళ్లు" అని రాసి పంపింది. మళ్లీ ఏ ఆఫీసులో అడ్డుకుంటారోనని అందరూ ఎదురుచూశారు. ఎవరూ అడ్డుకోలేదు. ఆ ఫైలు ఒక్కటే ఎందుకో చకచకా నడిచింది.

నా జనరేటరు తీసి కొత్త యంత్రానికి పెట్టారు. దాని గొలుసు రెండు కొక్కేల మీద గిరగిరా తిరుగుతుంది, ఎంత తిరిగినా మెలి పడదు. దసరా దాటింది, సంవత్సరమూ దాటింది, అది ఇంకా అక్కడే ఉంది. ఐసు రాలుతూనే ఉంది.

నన్ను పట్నంలో ఒక సైన్సు ప్రదర్శనశాలకు ఇచ్చారు. ఏసీ గది. పొద్దున్నే తుడుస్తారు. పిల్లలు వచ్చి నా పొట్ట మీద తట్టి, లోపల ఖాళీ అని నవ్వుకుంటారు. మొన్న ఒక ఆదివారం హైమవతి, దానయ్య, గురమ్మ నన్ను చూడడానికి వచ్చారు. దానయ్య నా ముందున్న పలక చూపించి, "ఏటి రాసినారమ్మా?" అని అడిగాడు.

హైమవతి కాస్త తటపటాయించింది. "విఫలమైన నమూనా అని."

దానయ్య నా చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"అది కొట్టేయించండమ్మా," అన్నాడు. "మొదటిది అని రాయమనండి."