పేరు పూర్తిగా రాయవలెను

నరసరావుపేటలో పల్నాడు బస్టాండు వెనక సందులో వెంకటాద్రి గోతాల కొట్టు ఉంది. పాత గోనె సంచులు కొంటాడు, చిరిగినవి కుట్టిస్తాడు, మిర్చి రైతులకీ శనగల వ్యాపారులకీ అమ్ముతాడు. పొద్దున్నే షట్టరు ఎత్తి, పటానికి అగరొత్తి వెలిగించి, ఎదురు హోటలు నుంచి టీ తెప్పించుకుని, ఎర్రగుడ్డ అట్ట వేసిన ఖాతా పుస్తకం తెరవడం ఆయన పద్ధతి. ముప్పై నాలుగేళ్ళుగా ఇందులో మార్పు లేదు. ఆరేళ్ళ కిందట భార్య బాలసరస్వతి పోయినప్పుడు పదకొండు రోజులు మూశాడు, పన్నెండో రోజు తెరిచాడు. పిల్లలు లేరు. కొట్టు మీద ఉన్న రెండు గదుల్లో కూర్చుని గోడలతో మాట్లాడేకంటే గోతాల మధ్య కూర్చోవడమే నయం అనుకున్నాడు.

ఆయన పుస్తకంలో ఎవరి పేరు రాస్తే వాళ్ళకి, ఆ సమయానికి ఎక్కడున్నా సరే, పొలమారుతుంది. గురజాలలో మజ్జిగ తాగుతున్న మస్తాన్‌రావుకి పొలమారుతుంది. మాచర్ల దగ్గర లారీ నడుపుతున్న ఆరోగ్యస్వామికి నోట్లో ఏమీ లేకుండానే పొలమారుతుంది. మిగతా ఊళ్ళలో అయితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. ఈయన ఖాతాదారులు ఎవరో అనరు, “శెట్టిగారు మన పేజీ తీశాడు” అని చెంబు కింద పెట్టి, వీలు చూసుకుని పేటకి వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? గోతాల బేళ్ళ మీద చతికిలబడి అల్లుడి అలక గురించి, బోరు ఎండిన సంగతి, ఈసారి ఎంపీపీ ఎవరన్నదీ మాట్లాడుకుని, రెండో టీ కూడా తాగి లేస్తారు. వెంకటాద్రికి చుట్టాలన్నా స్నేహితులన్నా ఆ పుస్తకంలో ఉన్నవాళ్ళే. పైకి ఎన్నడూ చెప్పలేదు గాని, వాన పట్టి కొట్టుకి ఎవరూ రాని రోజుల్లో ఆయన లావాదేవీ లేనివాళ్ళ పేర్లు కూడా రాసేవాడు. తారీఖు వేసి, పేరు రాసి, అంకె ఉండాల్సిన చోట ఒక గీత పెట్టేవాడు.

ఇలా ఉండగా పన్నుల లెక్కలు చూసే ఆడిటరు కబురు పెట్టాడు. ఇకమీదట చేతిరాత పుస్తకాలు తాను ముట్టుకోనని, కంప్యూటరు పెట్టుకుంటే సరేసరి, లేదంటే ఇంకొకరిని చూసుకోమని. అరవై ఒకటో ఏట ఇంకో ఆడిటర్ని ఎక్కడ వెతుకుతాడు? సాఫ్ట్‌వేర్లు అమ్మే జయకర్‌ని పిలిపించాడు.

జయకర్ పేటలో పుట్టి పెరిగినవాడే. ల్యాప్‌టాప్ గోతాల మీద పెట్టి మూడు రకాలు చూపించాడు. మొదటిది బజార్లో అందరూ వాడుతున్నది. రెండోది ఫోన్లోనే నడుస్తుంది. మూడోది సత్తెనపల్లిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన సొంతంగా తయారుచేసుకున్నది, దాన్ని ఎవరూ కొనలేదని, తన దగ్గరుంది గనక చూపిస్తున్నానని జయకరే చెప్పాడు. సరుకు నిల్వ, పన్ను, బిల్లు, రాబడి, అన్నీ ఓపిగ్గా విని వెంకటాద్రి ఒక్క మాట అడిగాడు.

“పేరు రాస్తే అవతలివాళ్ళకి తెలుస్తదా?”

“మెసేజి పోద్ది శెట్టిగారూ,” అన్నాడు జయకర్. ల్యాప్‌టాప్ మూత సగం దించి, “పొలమారటం మటుకు నేను గ్యారంటీ ఇవ్వలేను,” అన్నాడు.

మొదటిదే ఖాయం చేశారు. ముప్పై రోజులు ఉచితం, ఆ తర్వాత ఏడాది రుసుము కట్టాలి.

అది పనిమంతురాలు, కాదనడానికి లేదు. ‘మ’ అని ఒక్క అక్షరం కొడితే మస్తాన్‌రావు పేరు, ఊరు, ఫోను నంబరుతో సహా వచ్చి నిలబడేది. మనిషి వెంకటాద్రి మనసులోకి రాకముందే పేరు తెర మీదికి వచ్చేది. పొద్దుటి గంటన్నర పని పావుగంటలో తెమిలిపోయింది. ఇక్కడ నొక్కితే అక్కడ మెసేజి, అక్కణ్ణుంచి ఫోన్లోనే డబ్బు. లెక్క పైసా తేడా రాలేదు. మనుషులే రావడం మానేశారు. తప్పు వాళ్ళది కాదు. డబ్బు పంపాక ఇక బస్సెక్కి రావడం దేనికి? గొంతుకి అడ్డం పడి రమ్మనేది ఏదీ లేకపోయె.

మూడో వారంలో ఒకనాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెంకటాద్రితో మాట్లాడింది టీ తెచ్చినామె ఒక్కతే, అదీ చిల్లర లేదని చెప్పడానికి. ఆయన బేళ్ళ మీద దుమ్ము దులిపాడు. దులిపినవే మళ్ళీ దులిపాడు. భార్య పోయినప్పుడు వచ్చింది దుఃఖం, దాన్ని పరామర్శించడానికి పదిమంది వచ్చారు. ఈ ఒంటరితనానికి ఎవరొస్తారు, ఏమని వస్తారు?

ముప్పయ్యో రోజు మధ్యాహ్నం రుసుము కోసం జయకర్ వచ్చాడు. రసీదు పుస్తకం తీస్తుండగానే నిర్మల వచ్చింది. నిర్మలది ముప్పాళ్ళ. మొగుడు పోయాక పదిహేనేళ్ళుగా ఈ కొట్టుకి చిరిగిన గోతాలు కుట్టిపెడుతోంది. వారం వారం వచ్చే మనిషి, ఈ నెల అంతా గోతాలు ఆటోలో తెప్పించుకుని ఆటోలోనే పంపింది. ఇవాళ చేతిలో బట్టల సంచీ ఉంది. బల్ల మీద కూర్చుని, కుండలో నీళ్ళు ముంచుకుంది.

“నా ఖాతా మూసెయ్యండి శెట్టిగారూ. దాచేపల్లిలో ఫ్యాక్టరీ క్వార్టర్ల కాడ వంటకి కుదిరా. నాలుగింటి బస్సుకి పోతన్నా.”

“కూలి చాల్లేదా నిర్మలమ్మా?”

“కూలికేం, బానే ఉంది. నెల్రోజులైంది నాకు పొలమారి.” ఆమె గ్లాసు వంక చూస్తూ చెప్పింది. “మా ఊళ్ళో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళే లేరు. వారానికోసారి గొంతుకి అడ్డం పడితే, పోన్లే, పేటలో ఒకళ్ళు నా పేరు రాస్తన్నారులే అనుకునేదాన్ని. ఇప్పుడదీ లేదు. ఇంక ఏ ఊరైతే ఏంది?”

నీ పేరు వారం వారం ఎక్కిస్తూనే ఉన్నానని వెంకటాద్రి చెప్పబోయాడు. చెప్పకుండా, ఎందుకైనా మంచిదని ‘ని’ అని కొట్టాడు. నిర్మల పేరు టక్కున వచ్చి నిలబడింది. బల్ల మీది నిర్మల నింపాదిగా నీళ్ళు తాగుతూనే ఉంది. అప్పుడు ఆయనకి సంగతి తెలిసింది, తెలిసి సిగ్గేసింది. ఈ నెల్లో తాను ఒక్కరినీ తలుచుకోలేదు.

“సత్తెనపల్లి మాస్టారిది తియ్యి,” అన్నాడు జయకర్‌తో.

జయకర్ తీసి, ఖాతాలన్నీ అందులోకి ఎక్కించాడు. తెల్లటి తెర మీద ఒకటే వాక్యం: ‘పేరు పూర్తిగా రాయవలెను.’ ఇంటిపేరు, పేరు, ఊరు, అన్నీ తెలుగులో, ఒక్కో అక్షరం వెతికి కొట్టాలి. ఖాతా తెరవాలన్నా మూయాలన్నా అంతే. వెంకటాద్రి కళ్ళజోడు సరిచేసుకుని మొదలుపెట్టాడు. నిర్మల ఇంటిపేరు కొమ్మూరి, అందులో ‘కొ’ వెతకడానికే ఒక నిమిషం పట్టింది. వెతికే వేలికి పని ఉంది గాని మనసుకి లేదు, అది నిర్మల దగ్గరికే పోయింది. ఎలక కొట్టిన చోట ఆమె రెండు వరసలు కుడుతుంది, ఎవరూ అడక్కపోయినా. దారం పళ్ళతో కొరకదు, కొంగున కట్టుకున్న చిన్న కత్తెరతో కత్తిరిస్తుంది. వేసవిలో ఒకసారి తాటిముంజెలు తెచ్చి, ఎవరు తెచ్చారో చెప్పకుండా గల్లాపెట్టె పక్కన పెట్టిపోయింది. కొమ్మూరి అయింది. ‘ని’ అయింది. ‘ర్మ’ దగ్గర నిర్మలకి పొలమారింది.

గుక్క తిప్పుకోలేనంతగా దగ్గింది. వెంకటాద్రి లేచి వెళ్ళి ఆమె మాడు మీద అరచేత్తో తట్టాడు. ఇంకొకరి తల మీద చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. దగ్గు తగ్గాక కూడా రెండుసార్లు తట్టి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

“అయిందా?” అంది నిర్మల, కళ్ళు తుడుచుకుంటూ.

“ఇంకో అక్షరం ఉంది, ఆపైన ఊరు. అవి కొడితేగాని మూయటానికి రాదు.”

“కొట్టండి మరి.”

“కొడతాలే. వెతకాలిగా.”

‘ల’ ఆయన వేలి కిందే ఉంది. జయకర్ చూశాడు, చూసి రసీదు పుస్తకం మీదికి తల వంచాడు. గోడ గడియారంలో నాలుగు దాటింది. కాసేపటికి జయకర్, ఇది చానా నిదానం శెట్టిగారూ, నూరు పేర్లకి మధ్యాహ్నమంతా పడద్ది, మొదటిది వదులుకోబాకండి అన్నాడు.

“మధ్యాహ్నం నాకేం పని?” అన్నాడు వెంకటాద్రి.

దాచేపల్లి బస్సు సందు చివర హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నిర్మల సంచీని కాలితో బల్ల కిందికి నెట్టి, చిరిగిన గోతాలు ఎన్నున్నయ్యని అడిగింది.