గొడుగు గుమాస్తా

మొదట్లో నా చేతిలో ఏముందని, మావయ్య పాత కోటు, ఒక కుర్చీ, ఎదురుగా నా జోడీ మోరాగ్, అంతే, ముందుగా రాసుకున్న ముక్క ఒక్కటీ లేదు, జనం ఒక మాట ఇస్తారు, దాని మీద ఇద్దరం అప్పటికప్పుడు ఆట అల్లుతాం, ఇరవై రెండేళ్లుగా ఇదే వ్యాపారం, ఇవాళ ఎడిన్‌బరోలో ఈ పబ్బు మేడ మీద మధ్యాహ్నం ఆటకి నలభై మంది తడిసిన కోట్లతో కూర్చున్నారు, నా జేబులో టీవీ వాళ్ల ఉత్తరం, సోమవారంలోగా జవాబివ్వాలి, వాళ్లకి నా గుమాస్తా వేషం కావాలట, రైల్వేస్టేషన్లో జనం మరిచిపోయిన సామాను కాపలా కాసే గుమాస్తా, నా గుమాస్తా అంటున్నానా, పదకొండేళ్ల కిందట లీడ్స్‌లో మోరాగ్ కదూ స్టేజీ మీదికొచ్చి, అయ్యా ఈ కిటికీకి రాజు మీరేనా, నా గొడుగు ఇక్కడ మరిచిపోయాను అంది, ఆ ఒక్క మాటతో నాకు కిటికీ, ఉద్యోగం, పొగరు అన్నీ వచ్చాయి, గొడుగు మీదేనని ముందు గొడుగు ఒప్పుకోవాలమ్మా అన్నాను, జనం పడి పడి నవ్వారు, ఆ నవ్వులో ఎవరి వాటా ఎంత, టీవీ వాళ్లకి రాసిచ్చిన స్క్రిప్టు మీద మాత్రం నా పేరొక్కటే పెట్టి పంపాను.

ఒక మాట ఇవ్వండి బాబూ అంటోంది మోరాగ్, వెనక నుంచి ఎవరో గొడుగు అని అరిచారు, ఈ వానలో ఇంకేం అరుస్తారు, అప్పుడే తట్టింది నాకు, గుమాస్తాని నాకిచ్చెయ్యమని ఇక్కడే అడిగేస్తే, ఎందుకంటే మా ఆటలో ఎదుటివాళ్లు ఏమన్నా మనం సరే అనాలి, అని దానికి ఇంకోటి జోడించాలి, కాదంటే ఆట అక్కడికక్కడే చస్తుంది, మోరాగ్ ఇన్నేళ్లలో ఒక్కసారీ కాదనలేదు, కుర్చీలో బిగుసుకుని కూర్చుని గుమాస్తా గొంతు పెట్టాను, అమ్మా, మీ గొడుగు పదకొండేళ్లుగా నా దగ్గరే పడుంది, ఇక నేను ఇంటికి పట్టుకుపోనా, టీవీ వాళ్లు చూడాలంటున్నారు, ఆమె కళ్లు ఒక్క క్షణం ఆగాయి, అర్థమైంది ఆమెకి, సరే పట్టుకుపోండి, మిమ్మల్ని తడవనివ్వని వాళ్లు ఇంకెవరున్నారు పాపం, అంది, ఎంత నవ్వు, గది అదిరింది, గెలిచాను, మరి ఆమె వైపు చూడకుండా కోటు గుండీలు పెట్టుకుంటున్నానేం.

ఆట అయ్యాక మెట్ల మీద టీ కప్పుతో కూర్చుంది, ఏమయ్యా మహానటా, నలభై మందిని సాక్ష్యం పెట్టుకుని మరీ అడిగావే అంది, నువ్వు సరే అన్నావుగా అన్నాను, స్టేజీ మీద నువ్వు కిటికీలోంచి దూకమన్నా సరే అంటాను, ఇక్కడ అడుగు, అంది, ఉత్తరం జేబులో గరగరలాడుతోంది, అడగకుండా దిగిపోతే గుమాస్తా నావాడే, సరే అన్నదానికి నలభై మంది సాక్షులు, నాలుగు మెట్లు దిగాను, మళ్లీ ఎక్కాను, మోరాగ్, గుమాస్తాని నేనొక్కణ్ణే తీసుకోనా అన్నాను, నా సొంత గొంతుతో, అది ఎంత సన్నగా ఉందో.

కాదు, అంది, టీ తాగింది, ఉత్తరం ఏదీ, ఇద్దరి పేర్లూ పెట్టి జవాబు రాద్దాం, వాళ్లు కాదంటే పోనీ అంది, వాళ్లు ఒప్పుకుంటారో లేదో, ఒప్పుకోరేమో, అయినా గుండె కుదుటపడింది, ఇన్నేళ్లలో ఆమె అన్న వేల సరేలు ఆటవి, నేను అడిగి సంపాదించుకున్నది కాదు అన్న ఈ ఒక్క మాటే.