కొనలేని ఎస్టేటు

గ్వెల్ఫ్ పట్టణం దాటాక పొలాల మధ్య ఒక పెద్ద ఎస్టేటు అమ్మకానికి ఉంది. కొనే స్తోమత లేకపోయినా, సరదాగా చూసొద్దామని భవిత, ఆమె భర్త వికాస్ ఆదివారం, కొనేవాళ్ళు వచ్చి ఇల్లు చూసే ఓపెన్ హౌస్‌కి వెళ్ళారు. మార్కెట్ పడిపోయిందనీ, ఇంత పెద్ద ఇళ్ళు ఈ ఏడాది కదలవనీ ఏజెంట్ చెప్పడంతో దిగులుగా ఉన్న యజమానురాలు హెలెన్, వీళ్ళను చూసి సంబరపడింది. టీ ఇచ్చి, తన రెండు ముసలి గుర్రాలను చూపించింది.

"ఇల్లు కొంటే వీటిని ఉంచుకుంటారా?" అని అడిగింది.

"తప్పకుండా," అంది భవిత మొహమాటానికి.

మర్నాడు ఏజెంట్ ఫోన్ చేశాడు. గుర్రాలు వద్దన్న ఒకరి ఆఫర్‌ను హెలెన్ కాదనేసిందట. వీళ్ళకైతే ధర తగ్గిస్తుందట.

భవిత ఫోన్ పెట్టేసి, విన్నదంతా వికాస్‌కు చెప్పింది.

"మాకు కుదరదని మెసేజ్ పెట్టేయ్," అన్నాడు వికాస్.

"ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ అబద్ధం చెప్పాను వికాస్. వెళ్ళే చెప్తాను."

ఒక్కతే డ్రైవ్ చేసుకుని వెళ్ళి, గుమ్మంలోనే నిజం చెప్పేసింది. హెలెన్ కోప్పడలేదు. కాసేపు గుర్రాల వైపు చూసి, "ఆ గుర్రాలు వద్దన్న మనిషినే మళ్ళీ అడగమని ఏజెంట్‌తో చెప్తాను," అంది మెల్లగా. "బయట చలిగా ఉంది, లోపలికి రా."

భవితకు లోపలికి అడుగు పడలేదు.